నేల ఉసిరి: ఆకు వెనక చూడటం నుంచి మజ్జిగ గ్లాసు దాకా

విజయవాడలో తొలకరి పడిన మూడో వారానికల్లా మా అపార్ట్‌మెంటు ప్రహరీ పక్కన, సిమెంటు పలకల సందుల్లోంచి నేల ఉసిరి తల ఎత్తుతుంది. వాచ్‌మన్ దోకుడుపార తెచ్చి దాన్ని గీకి చెత్తబుట్టలో పారేస్తాడు. అదే వారం వన్ టౌన్‌లో మూలికల కొట్టుకు వెళ్లి ఎండు నేల ఉసిరి పొట్లం కొనుక్కొచ్చినవాళ్లు ఆ బుట్ట పక్కనుంచే మెట్లెక్కుతారు. పన్నెండేళ్లుగా ఈ వేడుక చూస్తున్నాను.

నేను వైద్యురాలిని కాను. గుంటూరులో వృక్షశాస్త్రం చదువుకుని, విజయవాడలో పిల్లలకు అదే పాఠం చెప్పి, ఇప్పుడు డాబా మీద కుండీలతో కాలక్షేపం చేస్తున్న మనిషిని. అందుకని మొక్క గురించి ధైర్యంగా, మందు గురించి భయంభయంగా రాస్తాను. అరగని రోజున, నోరు చేదెక్కి ఆకలి చచ్చిన రోజున నేల ఉసిరిని ఇంట్లో ఎలా వాడుకోవచ్చో, దానికి ముందు దాన్ని ఎలా గుర్తుపట్టాలో, ఎక్కడ కోయాలో, కుండీలో ఎలా పెంచాలో వరుసగా చెబుతాను. కామెర్ల సంగతి విడిగా చెప్పాలి. ఈ మొక్కకు వచ్చిన పేరంతా దానివల్లే, జరుగుతున్న పొరపాట్లన్నీ కూడా దానివల్లే.

ముందు పేరు

పెద్ద ఉసిరికీ దీనికీ చుట్టరికం నిజమే. రెండూ ఫిలాంథస్ ప్రజాతికి చెందినవే. కార్తీకంలో వనభోజనాలకు కూర్చునేది పెద్దదాని నీడన. చిన్నది మోకాలి ఎత్తు దాటడమే కష్టం. సంస్కృతంలో భూమ్యామలకి, తామలకి అన్నారు. తమిళులు కీళానెల్లి అంటారు, కన్నడిగులు నెలనెల్లి అంటారు. ఎవరు ఏ పేరు పెట్టినా నేలనో ఉసిరినో వదల్లేదు. పెద్ద ఉసిరిలోని సి విటమిన్ దీనిలోనూ ఉంటుందనుకుని తాగేవాళ్లు ఉన్నారు. ఆ పని దీనిది కాదు. రుచి కూడా పులుపు కాదు, చేదు. శాస్త్రీయ నామం ఫిలాంథస్ అమారస్‌లో అమారస్ అంటే లాటిన్‌లో చేదు అనే అర్థం.

కొట్లో సీసాల మీద మాత్రం ఫిలాంథస్ నిరురి అని ఉంటుంది. అసలైన నిరురి అమెరికా ఖండాల మొక్క. మన దేశంలో పెరిగే వాటికి ఆ పేరు పొరపాటున అంటుకుంది. 1950లలో గ్రేడీ వెబ్‌స్టర్ అనే వృక్షశాస్త్రవేత్త ఆ చిక్కు విడదీసినా లేబుళ్లు ఇంకా మారలేదు. మన ఆయుర్వేద ఫార్మకోపియా, అంటే ప్రభుత్వ ఔషధ ప్రమాణ గ్రంథం, తామలకి పేరు కింద చెప్పేది ఫిలాంథస్ ఫ్రాటర్నస్‌ను. అది అమారస్‌కు తోబుట్టువు లాంటిది. అమారస్ పువ్వుకు అయిదు రేకులు, ఫ్రాటర్నస్ పువ్వుకు ఆరు. ఇంటి వాడకానికి ఈ తేడా గురించి నేను తల పట్టుకోను. పెద్దలు రెండింటినీ ఒకే పేరుతో పిలిచి ఒకే పనికి వాడారు.

అన్నట్టు, చరకుడు తామలకిని చేర్చింది దగ్గు తగ్గించే గణంలో, ఆయాసం తగ్గించే గణంలో. చ్యవనప్రాశంలోనూ తామలకి పడుతుంది. కాబట్టి నేల ఉసిరి పేరే వినలేదనేవాళ్లు కూడా చలికాలంలో దాన్ని చెంచాతో తినే ఉంటారు.

గుర్తుపట్టడం

మా అత్తయ్యగారిది తెనాలి దగ్గర పల్లె. పెళ్లయిన కొత్తలో ఒకసారి పైత్యం చేసి ఆమె అన్నం మానేస్తే, నా చదువు చూపించుకుందామని పెరట్లోంచి గుప్పెడు ఆకు కోసుకొచ్చాను. ఆమె ఒక రెమ్మ తీసి, బొటనవేలితో తిప్పి చూసి, “అమ్మాయ్, దీని వీపు చూశావా?” అన్నారు. చూడలేదు. రెమ్మ తుంచిన చోట తెల్లగా పాలు కారుతున్నాయి. నేను తెచ్చింది పాలాకు జాతి. బి.ఎస్సీ. చదివిన పరువు ఆ పాలలో కలిసిపోయింది.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. మొక్కను వేరుతో సహా పీకి, వెలుతురులో కూర్చుని, ఈ వరుసలో చూస్తాను.

మొదట తుంచడం. కాడ తుంచితే పాలు రాకూడదు. పాలు వస్తే అక్కడితో ఆపండి. రెడ్డివారి నానుబాలు, దాని నేలబారు చుట్టాలు వానాకాలంలో నేల ఉసిరి పక్కనే, అదే సందులో మొలుస్తాయి.

తర్వాత తిప్పడం. పక్క రెమ్మను వెల్లకిలా తిప్పితే, ఆకు మొదలు దగ్గర వరుసగా పచ్చని గుండ్రటి కాయలు కనిపించాలి. ఒక్కొక్కటి ఆవగింజ కంటే కాస్త పెద్దది, పైన కొంచెం నొక్కినట్టు ఉంటుంది, పొట్టి కాడకు వేలాడుతుంది. పైనుంచి చూస్తే ఏమీ కనబడదు. తిప్పితే మాత్రం ఎవరో దారానికి పూసలు గుచ్చినట్టు ఉంటుంది. అత్తయ్యగారు వీపు అన్నది దీన్నే.

ఆ తర్వాత చింతాకు పరీక్ష. పైనుంచి చూస్తే నేల ఉసిరి రెమ్మ అచ్చం చింతాకులా ఉంటుంది. చింతమొలక, అత్తిపత్తి, జీలుగు మొలక, అన్నీ అలాగే ఉంటాయి. తేడా ఏమిటంటే చింతాకులో చిన్న రెబ్బలన్నీ కలిసి ఒకే ఆకు. ఆ రెబ్బ మొదట్లో పువ్వు ఎన్నటికీ పూయదు. నేల ఉసిరిలో ఒక్కో చిన్న ఆకూ ఒక్కో పూర్తి ఆకు, అందుకే ప్రతి దాని మొదట్లోనూ పువ్వో కాయో ఉంటుంది. తరగతిలో ఈ ఒక్క విషయం పిల్లలకు అర్థమైందంటే ఆ రోజు నాకు పండగ. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఈ ఆకులు ముడుచుకుంటాయి. అది చూసి అత్తిపత్తి అనుకోకండి. అత్తిపత్తి ముట్టుకుంటే ముడుచుకుంటుంది, ముళ్లు కూడా ఉంటాయి.

నాలుగోది నడిమి కాండం. అసలు నేల ఉసిరిలో నిటారు కాండం మీద నేరుగా ఆకులు ఉండవు. ఆకులన్నీ పక్క రెమ్మల మీదే. కాండం మీద కూడా ఆకులుండి, అవి మొదట్లో సన్నగా, చివర వెడల్పుగా ఉంటే అది ఫిలాంథస్ మదరాస్‌పటెన్సిస్. పేరులో మద్రాసు ఉన్నది. నల్లరేగడి చేలలో బాగా కనిపిస్తుంది.

ఇక రంగు. కాండం ఎర్రగా ఉండి, కాయ మీద వేలు రాస్తే గరుకుగా తగిలి, కాయకు కాడ లేకుండా రెమ్మకే అతుక్కుని ఉంటే అది ఎర్ర రకం, ఫిలాంథస్ యూరినేరియా. అసలుదాని కాయ నున్నగా ఉంటుంది. ఎర్ర రకాన్ని కూడా కొన్నిచోట్ల వాడతారు కానీ నేను కలపను. ఏది తాగుతున్నానో తెలియనప్పుడు దాని మోతాదు తెలిసి ఏం లాభం?

ఇంత పట్టుదల ఎందుకంటే ఒక ఉదాహరణ చెబుతాను. 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నట్టు ఒక వైద్య పత్రికలో రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు. వాళ్లు వాడింది అసలు తిప్పతీగేనో, దాన్ని పోలిన మరో తీగో పరీక్షించలేదు కదా అని అడిగింది. ఎవరి వాదన నెగ్గినా కాలేయం దెబ్బతిన్న మనిషికి ఒరిగేదేమీ లేదు. తీగను కోసినవాడు తిప్పి చూశాడా లేదా అన్నదే నాకు కావలసిన ప్రశ్న.

ఎక్కడ కోయకూడదు

నగరంలో నుంచి మూడు కాలువలు పోతాయి: బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ. మూడింటి గట్ల మీదా ఆగస్టులో నేల ఉసిరి ఏపుగా ఉంటుంది. చేయి చాపకండి. ఆ గట్టు మీద ఎలుకలు తిరుగుతాయి, మురుగు కలుస్తుంది. ఎలుక మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ జ్వరం ముదిరితే కళ్లు పచ్చబడతాయి. మురుగునీటితో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు కామెర్లు తెప్పించేవే. కామెర్లకు మందని కాలువ గట్టు ఆకు పచ్చిగా నూరి తాగడమంటే, రోగాన్ని ఇంటికి పిలిచి కూర్చోబెట్టడమే.

గుంటూరు వైపు బంధువులు మిరప చేను గట్టు నుంచి సంచీ నిండా తెచ్చి ఇస్తారు. ప్రేమతో తెచ్చినదాన్ని వద్దనలేం, పుచ్చుకుని కుండీల ఎరువులో వేస్తాను. మిరపకు వారం వారం ఏయే మందులు కొడతారో ఆ బంధువులే భోజనాల దగ్గర చెబుతారు. పత్తి చేనుకూ ఇదే మాట. రైలు పట్టాల పక్కన, పెద్ద రోడ్ల పక్కన పెరిగినదీ వద్దు. కలుపు మందు, పొగ, దుమ్ము కడిగితే పోవు, కాచినా పోవు. కాస్తే చచ్చేవి క్రిములే.

కుండీలో పెంచడం

ఇవన్నీ తీసేస్తే ఇక మిగిలింది మన డాబా. కష్టమేమీ లేదు, కలుపు మొక్కను పెంచడానికి పెద్ద విద్య అక్కర్లేదు. రెండు దారులున్నాయి.

సులువైనది మొలకను మార్చడం. ప్రహరీ సందులో రెండు అంగుళాల ఎత్తు మొలక కనబడితే, ముందు నీళ్లు పోసి నానబెట్టి, సాయంత్రం పూట వేరు తెగకుండా లాగి కుండీలో పెట్టండి. మూడు రోజులు నీడలో ఉంచి తర్వాత ఎండలోకి జరపండి. ఆ తర్వాత రెండు నెలలూ అది మీ మట్టిలో, మీ నీళ్లతో పెరుగుతుంది.

రెండోది విత్తనం. గింజ ఒక మిల్లీమీటరు ఉంటుంది, లేత గోధుమ రంగు, మూడు పలకలుగా. భూతద్దంలో చూస్తే నిలువు గీతలు కనిపిస్తాయి. ఒక్కో కాయలో ఆరు. చెంచాడు పొడి ఇసుకలో చిటికెడు గింజ కలిపి, తడిపిన మట్టి మీద చల్లండి. పైన మట్టి కప్పకండి. కప్పడం వల్లే నాకు మొదటి ఏడాది ఒక్కటీ మొలవలేదు. నీళ్లు చెంబుతో పోస్తే గింజలు ఒక మూలకు కొట్టుకుపోతాయి, చేత్తో చిలకరించాలి. వారం నుంచి రెండు వారాల్లో మొలకలు వస్తాయి.

పది అంగుళాల కుండీలో రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు. నాలుగైదు మొక్కలకు మించి ఉంచకండి. మృగశిర కార్తెలో, అంటే జూన్ రెండో వారంలో చల్లితే జులై ఆఖరుకు పూత, సెప్టెంబరుకు కోత. మా వేసవి ఎండకు, పగలు 42, 43 డిగ్రీలు కాసే రోజుల్లో, ఈ మొక్కను నిలబెట్టాలని చూడటం నీళ్లు దండగ. దాని ఆయుష్షే కొన్ని నెలలు. పిండినల్లి పడితే నీళ్లతో గట్టిగా కడగండి. తాగబోయే మొక్క మీద మందు కొట్టవద్దు.

కోత, కడగడం, ఎండబెట్టడం

కోతకు సరైన సమయం కాయలు నిండుగా, ఇంకా పచ్చగా ఉన్నప్పుడు. ముదిరే కొద్దీ పక్క రెమ్మలు రాలిపోయి ఉత్త పుల్ల మిగులుతుంది. వేరుతో సహా మొత్తం మొక్క పనికొస్తుంది, దీన్నే వైద్యులు పంచాంగం అంటారు. మట్టి పోయేదాకా మూడు నాలుగు సార్లు కడిగి, పచ్చిగా వాడబోయేదాన్ని చివరిసారి కాచి చల్లార్చిన నీళ్లతో కడగండి. ఉప్పు, పసుపు వేసిన నీళ్లలో ముంచితే అంతా శుభ్రమైపోతుందన్న నమ్మకం నాకు లేదు.

ఎండబెట్టేది నీడలో. వంటింటి పక్క గదిలో పాత నూలు చీర పరిచి, దాని మీద పలుచగా పేర్చి, రోజుకోసారి తిప్పుతాను. ఇక్కడ ఒక చిన్న తమాషా ఉంది. రెండో రోజు మధ్యాహ్నం గదిలో ఎవరూ లేకపోయినా చిటుక్కు చిటుక్కుమని చప్పుడు వినిపిస్తుంది. మొదటిసారి బల్లి అనుకున్నాను. కాయ ఎండి పగిలి, లోపలి ఆరు గింజలనూ విసిరేస్తున్న చప్పుడు అది. కాసేపటికి చీర దాటి, గచ్చు మీద, గోడ మొదట్లో ఇసుక రేణువుల్లా గింజలు. చీర అంచులను నాలుగు పక్కలా పైకి మడిచి పిన్నులు పెడితే సగమైనా దొరుకుతాయి. వచ్చే ఏడాది విత్తనం అదే.

వానాకాలపు తేమలో ఆరు నుంచి ఎనిమిది రోజులు పడుతుంది. కాడ వంచితే వంగకుండా టప్పున విరగాలి, ఆకు నలిపితే పొడి కావాలి. ముక్కిపోయిన వాసన వచ్చిందా, నల్లటి మచ్చలు కనబడ్డాయా, జాలి పడకుండా పారేయండి. బూజు పట్టిన మూలిక మందు కాదు, కాలేయానికి శత్రువు. గాజు సీసాలో పోసి, కోసిన నెల, ఏడాది చీటీ మీద రాసి అతికించండి. ఆరు నెలలు దాటితే నేను వాడను.

కొనేటప్పుడు పొడి వద్దు, మొక్క రూపంలో ఉన్నదే అడగండి. పొడికి వీపు ఉండదు, తిప్పి చూడటానికి. ఒకసారి నేను కొన్న కట్టలో సగం ఎర్ర కాడలే ఉన్నాయి, రెండు మూడు పాలాకు పుల్లలు కూడా. తిరిగి తీసుకెళ్తే కొట్టాయన, “అన్నీ ఆకులే కదమ్మా” అన్నాడు.

వాడటం

అరుగుదలకు వాడే మూడు పద్ధతులు చెబుతాను. ఆయుర్వేద ఫార్మకోపియా ఇచ్చే మోతాదు పెద్దవాళ్లకు రోజుకు స్వరసం, అంటే పచ్చి రసం, 10 నుంచి 20 మిల్లీలీటర్లు, చూర్ణం, అంటే పొడి, 3 నుంచి 6 గ్రాములు. నేను ఎప్పుడూ కింది అంకెతోనే మొదలుపెడతాను, పై అంకెకు వెళ్లే అవసరం రాలేదు.

పచ్చి రసం: గుప్పెడు తాజా మొక్క, కడిగినది, సన్నగా తుంచి రోట్లో వేసి రెండు చెంచాల కాచిన నీళ్లతో మెత్తగా నూరండి. పలుచని గుడ్డలో వేసి పిండితే రెండు మూడు చెంచాల ముదురు పచ్చ రసం వస్తుంది. మిక్సీలో కూడా నలుగుతుంది కానీ నీళ్లు ఎక్కువ పోయాల్సి వస్తుంది. రెండు చెంచాల రసం, అంటే 10 మిల్లీలీటర్లు, గ్లాసుడు పలుచని మజ్జిగలో కలిపి ఉదయం టిఫినుకు అరగంట ముందు తాగాలి. మా అత్తయ్యగారు ఉప్పు వేయనిచ్చేవారు కాదు. ఆమె పోయాక నేను వేయించిన జీలకర్ర పొడి చిటికెడు వేస్తున్నాను. ఉప్పు మాత్రం ఎందుకో ఇప్పటికీ వేయను. రసం నూరిన వెంటనే తాగేయండి, ఫ్రిజ్‌లో దాచకండి.

కషాయం: నా మటుకు ఇదే అన్నిటికంటే మంచిది, కారణం పైన చెప్పాను, మరిగితే క్రిములు చస్తాయి. ఎండు మొక్క ముక్కలు రెండు చెంచాలు, సుమారు 5 గ్రాములు, రెండు గ్లాసుల నీళ్లలో వేసి సన్న సెగ మీద అరగ్లాసు అయ్యేదాకా మరిగించండి. మూత పెట్టకండి, పొంగుతుంది. వడకట్టి గోరువెచ్చగా, భోజనానికి ముందు. స్టీలు గిన్నె చాలు, అల్యూమినియం వద్దు. బెల్లం వేసి చేదు చంపుకుంటామంటే మీ ఇష్టం. చేదు నాలుకకు తగిలి నోట్లో నీళ్లూరడం కూడా ఈ వైద్యంలో భాగమేనని నేననుకుంటాను, అందుకే గొట్టం మాత్రల మీద నాకు ఆసక్తి లేదు.

పొడి: చిన్న చెంచాడు, 3 గ్రాములు, మజ్జిగలో. ప్రయాణాలకు బాగుంటుంది. అంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు.

ఎన్ని రోజులు? పెళ్లి భోజనాల వారం తర్వాతో, కొత్త ఆవకాయతో వరుసగా నాలుగు పూటలు లాగించాకో, కడుపు బరువుగా ఉంటే అయిదు రోజులు. అయిదు రోజుల్లో తేడా కనబడకపోతే అది నేల ఉసిరి పని కాదు. రెండు వారాలకు మించి ఏకబిగిన నేను ఎప్పుడూ తాగలేదు, తాగమని ఎవరికీ చెప్పలేదు. కడుపులో మంట, పుండు ఉన్నవాళ్లు ఖాళీ కడుపున చేదు జోలికి వెళ్లవద్దు.

కామెర్ల సంగతి

మా వైపు పచ్చకామెర్లు అనగానే ఎవరో ఒకరు పసరు పోసే ఊరి పేరు చెబుతారు. మూడు ఆదివారాలు పరగడుపున పసరు, ఉప్పు లేని పథ్యం, కొన్నిచోట్ల చేతి మీద వాత కూడా. అక్కడికి వెళ్లి తగ్గినవాళ్లు వందల్లో ఉంటారు, అబద్ధం కాదు. ఎందుకు తగ్గిందో చూడాలి. కలుషితమైన నీటితో వచ్చే హెపటైటిస్ ఎ చాలామందిలో కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గిపోతుంది. మూడో ఆదివారానికి కళ్లు తెల్లబడితే పేరు పసరుకు వస్తుంది. తగ్గనివాడు ఊళ్లో చెప్పుకోడు, ఆసుపత్రిలో ఉంటాడు.

కామెర్లు ఒక్క రోగం కాదు. వైరస్ కావచ్చు, పిత్తనాళంలో రాయి అడ్డుపడి ఉండవచ్చు, తాగుడు వల్ల కావచ్చు, మనం వేసుకునే మాత్ర వల్లే కావచ్చు, గడ్డ కూడా కావచ్చు. రాయి అడ్డం పడినవాడికి ఎన్ని గ్లాసుల మజ్జిగ పోసినా రాయి కదలదు, ఈలోపు రోజులు పోతాయి. అందుకే నా నియమం: కళ్లు పచ్చబడితే ముందు రక్తపరీక్ష. పచ్చదనం తెచ్చే బిలిరుబిన్, కాలేయం దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, హెపటైటిస్ బి కి హెచ్‌బీఎస్‌ఏజీ, వీటితో మొదలుపెడతారు. బిలిరుబిన్ మామూలుగా డెసీలీటరు రక్తంలో 1.2 మిల్లీగ్రాముల లోపు ఉంటుంది. కంటికి పచ్చదనం కనబడేసరికే అది 2.5, 3 దాటి ఉంటుంది. వైద్యులు చూసి, మామూలు వైరల్ కామెర్లే, విశ్రాంతి చాలు అన్నాక, వారికి చెప్పి మజ్జిగలో నేల ఉసిరి తాగుతామంటే నేను అడ్డుపడను. ఆయుర్వేదమే కావాలంటే విజయవాడలోనే నోరి రామశాస్త్రి పేరిట ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. చదువుకున్న వైద్యులకు చూపించుకోండి.

మాట తడబడినా, పగలు మగతగా పడుకుంటున్నా, రక్తపు వాంతి, నల్లటి విరేచనం, తెరపి లేని వాంతులు, పొట్ట ఉబ్బు, వీటిలో ఏది కనిపించినా ఆ గంటే ఆసుపత్రికి. గర్భిణికి కామెర్లు వస్తే రోజు కూడా ఆగకూడదు. హెపటైటిస్ ఇ చివరి నెలల్లో తల్లి ప్రాణం మీదికి తెస్తుంది. పుట్టిన బిడ్డ పచ్చగా ఉంటే పసరు చుక్క కూడా నాలుక మీద వేయవద్దు.

ఇక శాస్త్రం ఏమంటుంది? దీని కథ మద్రాసులో మొదలైంది. 1988లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అక్కడి పరిశోధకులు ఒక ఫలితం ప్రకటించారు. హెపటైటిస్ బి వైరస్‌ను ఒంట్లో మోస్తున్నవాళ్లకు ఫిలాంథస్ అమారస్ పొడి 200 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, 30 రోజులు ఇచ్చారు. 37 మందిలో 22 మందికి వైరస్ పైపొర గుర్తు రక్తంలోంచి పోయింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 23 మందిలో పోయింది ఒక్కరికే. ఆ రచయితల్లో బరూచ్ బ్లమ్‌బర్గ్ కూడా ఉన్నాడు, హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొన్నందుకు 1976లో నోబెల్ అందుకున్నవాడు. ప్రపంచం ఉలిక్కిపడింది. తర్వాత థాయిలాండ్‌లో, మరికొన్ని చోట్ల చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. 2011లో, జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి తూచే కోక్రేన్ సంస్థ సమీక్ష, హెపటైటిస్ బి కి ఇది పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది. ఎందుకు రాలేదన్న వాదనల్లో ఒకటి వింటే మా అత్తయ్యగారు నవ్వుకునేవారు: ఒక్కో చోట కోసిన మొక్క ఒక్కో రకమై ఉండవచ్చు, నేలను బట్టి, రుతువును బట్టి గుణం మారి ఉండవచ్చు. అంటే, వీపు చూశారా లేదా అని.

మొక్కలో ఫిలాంథిన్, హైపోఫిలాంథిన్ అనే పదార్థాలు ఉన్నాయి, ఎలుకల కాలేయాన్ని కాపాడినట్టు ప్రయోగశాలల్లో చాలాసార్లు తేలింది. ఎలుక నుంచి మనిషికి చాలా దూరం. హెపటైటిస్ బి ఉన్నవాళ్లు దీన్ని నమ్ముకుని మందులు ఆపడం ఆత్మహత్యతో సమానం. ఆ వైరస్‌కు టీకా ఉంది, పుట్టిన పిల్లలకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు.

ఎవరు ముట్టుకోకూడదు

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్న పిల్లలు వద్దు. షుగరు మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లకు ఇది చక్కెరను ఇంకా దించవచ్చు. బీపీ మాత్రలు, నీరు పోయే మాత్రలు, రక్తం పలుచబడే మందులు, లిథియం వాడేవాళ్లు వైద్యుణ్ని అడగకుండా మొదలుపెట్టకండి. ఆపరేషన్ తేదీ ఖరారైతే రెండు వారాల ముందే ఆపేయండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లూ వైద్యుణ్ని అడగకుండా ముట్టుకోవద్దు. ఏ ఆసుపత్రికి వెళ్లినా, ఏ మూలిక ఎన్ని రోజులు తాగారో దాచకుండా చెప్పండి. వైద్యులు కసురుకుంటారని చాలామంది దాస్తారు. కసురుకోనివ్వండి. ఒంటి మీద దద్దురు, విరేచనాలు, కళ్లు తిరగడం కనబడితే ఆ పూటే మానేయండి.

చీర మడతల్లో దొరికిన గింజలను పొట్లం కట్టి, సీసా చీటీ మీద రాసినట్టే దాని మీదా నెల, ఏడాది రాయండి. పొట్లం పొడిగా ఉండే డబ్బాలో పెడితే మళ్లీ మృగశిర దాకా ఉంటుంది. నా పొట్లం నుంచి కిందటేడు మా వాచ్‌మన్ అడిగి చిటికెడు పట్టుకెళ్లాడు. వాళ్ల ఊళ్లో చల్లుకుంటాడట. ప్రహరీ పక్కన మాత్రం ఇప్పటికీ దోకుడుపారతో గీకుతూనే ఉన్నాడు.